ఆరు వేల కిలోమీటర్ల ఎర్ర కారు

మా బావ నన్ను మనిషిగా లెక్కెయ్యడం మానేసి పదకొండేళ్ళయింది. ఏ రోజు మానేశాడో కూడా చెప్పగలను. కొత్త ఇంట్లోకి మారారని భోజనానికి పిలిచారు. షెడ్డులోనే గ్రీజంతా పోయేలా ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని వెళ్ళాను. బావ ఆఫీసువాళ్ళు నలుగురు బల్ల చుట్టూ ఉన్నారు. నేను కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే బావ "ఆగాగు" అంటూ లేచి, ఆ రోజు పేపరు తెచ్చి కుర్చీ మీద శుభ్రంగా పరిచాడు. "ఆఁ, ఇప్పుడు కూర్చోవోయ్" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ పళ్ళికిలించాను. ఆ పేపరు మీదే కూర్చుని, కడుపునిండా తిన్నట్టు నటించి, ఇంటికొచ్చేశాను.

చిన్న విషయమే కదా అంటారు. అవును, చిన్నదే. పెద్ద విషయాలు నేను ఇట్టే మర్చిపోతాను. చిన్నవే నాకు గుర్తుండిపోతాయి. నా బుద్ధే అంత, ఇప్పుడు మార్చుకోలేను.

నేను మెకానిక్‌ని. మామూలు బండ్లు ముట్టుకోను. నేలకి బెత్తెడు ఎత్తులో ఉండి, ఇద్దరే కూర్చోగలిగి, ఇంజను వీపు వెనక ఉండే ఖరీదైన పాత స్పోర్ట్స్ కార్లు మాత్రమే చేస్తాను. సెకండ్ హ్యాండులో అలాంటి కారు కొనాలనుకునేవాళ్ళు ముందు నన్ను తీసుకెళ్ళి చూపించుకుంటారు. నా పద్ధతి ఒకటే. చల్లారిన ఇంజనునే చూస్తాను. పాత ఇంజను రోగమంతా పొద్దున్న మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే బయటపడుతుంది. కాస్త వేడెక్కిందంటే దగ్గూ పొగా అన్నీ దాచేసుకుంటుంది. అందుకే వెళ్ళగానే ఇంజను మీద అరచెయ్యి పెడతాను. వెచ్చగా తగిలితే నోరెత్తకుండా వెనక్కొచ్చేసి, మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా వెళతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. అందుకే ఈ లైనులో నన్నంతా చల్లింజను అంటారు. "చల్లింజను బాగుందన్నాడా?" అని అడుగుతారు. అన్నాడంటే ఇక మాట్లాడకుండా కొనేస్తారు.

బావ ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. గుద్దుకున్న కార్ల కాగితాల మీద సంతకాలు పెట్టడం ఆయన పని. స్పానరు ఎటు పట్టుకోవాలో తెలియదు గాని, రోజుకి ఇరవై ఫైళ్ళు చూస్తాడు కనక తనకి తెలియని కారు లేదని నమ్మకం. కిందటేడు ఆయనకి రావాల్సిన పై కుర్చీ ఆయనకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడికి ఇచ్చారు. అప్పట్నుంచి మనిషికి నిద్రాహారాల్లేవు. చివరికి ఏం తోచిందో, స్పోర్ట్స్ కారు కొంటానన్నాడు. కొత్తది కొనాలంటే ఏడు జన్మలెత్తినా చాలదు. పాతదైతే అక్క గదులు అమ్మితే చాలు.

ఆ గదుల సంగతి చెప్పాలి. మెయిన్ రోడ్డు మీద రెండు గదులు, ముందు ఒక షట్టరు. ఆరు కుట్టుమిషన్లు, ముగ్గురు ఆడవాళ్ళు, మూడు స్కూళ్ళ యూనిఫారాలు. వాటి కోసం అక్క ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. పద్దెనిమిదేళ్ళు మెడ వంచి కుట్టి కొనుక్కుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ చేతులే. నన్ను మెకానిక్ పనిలో పెట్టిందీ అక్కే. నాకు పనివాడి బట్టలు మొదటి జత కుట్టి, జేబులు రెండింతలు లోతుగా పెట్టి, "బోల్టులు పారేసుకోకురా" అంది.

ఒక మధ్యాహ్నం అక్క నా షెడ్డుకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని మొహం తుడుచుకుంది.

"ఒరేయ్, మీ బావ కారు సంగతి విన్నావుగా."

"విన్నాను. నీ గదులు అమ్ముతాడట కదా. నువ్వు ఊరుకున్నావా?"

"ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను నోరు తెరిచి ఏదీ అడగలేదురా. ఇదే అడిగాడు. రాత్రుళ్ళు మంచం మీద లేచి కూర్చుంటున్నాడు, చూడలేకపోతున్నాను. రెండేళ్ళు తిరిగి అమ్మేస్తాడట. మంచి బండైతే ధర తగ్గదట, పైగా పెరుగుతుందట. నిజమేనా?"

"మంచి బండైతే నిజమే."

"అమ్మగానే నా గదులు నాకు మళ్ళీ కొనిస్తానన్నాడు. కొనేవాడితో కూడా మాట్లాడాం, రెండేళ్ళలోపు వస్తే తిరిగి ఇస్తానన్నాడు. కాబట్టి నాకు కావాల్సింది ఒక్కటేరా. ఆ బండి మంచిదో కాదో నువ్వు చూసి చెప్పు. నువ్వు సరే అంటేనే నేను సంతకం పెడతాను. లేకపోతే లేదు, మీ బావ తలకిందులుగా తపస్సు చేసినా పెట్టను."

"సరే అక్కా" అన్నాను. ఆ మాటన్నప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు.

మొదట చూసిన పసుపు కారు ఒక పశువుల డాక్టరమ్మది. పద్నాలుగేళ్ళుగా ఆవిడే నడుపుతోంది. ఎనభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. డ్రైవరు సీటు అంచు ఎక్కీ దిగీ అరిగిపోయింది. "నిన్నట్నుంచి ముట్టుకోలేదు, చెయ్యి పెట్టి చూసుకోండి" అని ఆవిడే అంది. పెట్టాను. చల్లగా ఉంది. తాళం ఒక్కసారి తిప్పగానే, కాస్తంత పొగ కూడా లేకుండా అందుకుంది. ఇలాంటి కార్లలో ఇంజను లోపలి భాగాల్ని తిప్పే రబ్బరు బెల్టు ఒకటుంటుంది, బండి తిరిగినా తిరక్కపోయినా అయిదేళ్ళకోసారి మార్చకపోతే తెగి ఇంజనునే పగలగొడుతుంది. అది మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి. ఆవిడ రెండుసార్లు దింపించి మార్పించింది. బిల్లులన్నీ తేదీలవారీగా ఫైలు కట్టి పెట్టుకుంది. ఇలాంటి యజమాని చేతిలో పెరిగిన బండి నాకు అరుదుగా దొరుకుతుంది.

బావ మీటరు చూసి మూతి తిప్పాడు. "ఎనభై రెండు వేలా? మా ఆఫీసు పట్టికలో అరవై దాటితే తుక్కు కింద రాస్తాం. పద పద."

"మీ పట్టిక రాసినవాడు ఎప్పుడైనా కారు నడిపాడా సార్?" అంది డాక్టరమ్మ. బావ వినిపించుకోలేదు.

రెండోది ఎర్ర కారు. అద్దాల హాల్లో ఉంది. అమ్మేవాడు నున్నగా దువ్వుకుని, నున్నగా మాట్లాడే మనిషి. నాకు వాడి పేరు అనవసరం, నున్నోడు అంటే చాలు. కారు వయసు పన్నెండేళ్ళు. తిరిగింది ఆరు వేల కిలోమీటర్లు. సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. బావ కళ్ళు ఆ మీటరు మీద పడ్డాయి, ఇక అక్కడే ఉండిపోయాయి.

ఈ పనిలో ఉన్న ఎవర్నడిగినా చెబుతారు, ఇలాంటి కారుని కదల్చకుండా పెడితేనే చెడిపోతుంది. రబ్బరు ఎండుతుంది, ఆయిలు గడ్డకడుతుంది, సీళ్ళు పగులుతాయి. ఎక్కువ తిరిగిన బండి కన్నా అసలు తిరగని బండికే ఎక్కువ భయపడాలి. బావ ఫైళ్ళలో కిలోమీటర్ల గడి ఉంటుంది గాని ఖాళీగా పడున్న ఏళ్ళ గడి ఉండదు. పాపం, ఆయనకెలా తెలుస్తుంది?

ఇంజను మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. బావ ముందే ఫోను చేసి టైము చెప్పి వచ్చాడు కదా, నున్నోడు అరగంట ముందే వేడిచేసి ఉంచాడు. టైర్ల పక్కభాగంలో చెక్కిన నాలుగంకెలు చూశాను. ఏ వారం, ఏ ఏడు తయారైందో ఆ అంకెలు చెబుతాయి. టైర్లకీ పన్నెండేళ్ళే. మిగతాది చూడకుండానే నాకు అర్థమైపోయింది. ఇంజను లోపల ఉన్న బెల్టుకీ పన్నెండేళ్ళే.

అప్పటికీ చెప్పాలనే నోరు తెరిచాను. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. "బెల్టు ఎప్పుడు మార్చారు?" అని అడిగాను.

"ఆరు వేలకే బెల్టేంటండీ!" అన్నాడు నున్నోడు.

బావ పకపకా నవ్వాడు. "వీళ్ళంతేనండీ. ఏదో ఒకటి విప్పి బిల్లు వేస్తేగాని మనవాడికి ముద్ద దిగదు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏమోయ్, ఆ చేతులు కాస్త వెనక్కి పెట్టుకో. రంగు మీద మరకలు పడితే తుడవడానికి గుడ్డ కూడా తేలేదు" అన్నాడు. నున్నోడు నవ్వి, జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి నాకు అందించాడు.

నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. గోళ్ళు కూడా తోముకునే వచ్చాను.

నోరు మూసుకున్నాను. తర్వాత అక్క ముందు గాని, ఎవరి ముందు గాని, పొరపాటు జరిగిందని నేను ఎప్పుడూ అనలేదు. పొరపాటేం కాదు. తెలిసే చేశాను. ఆ ఒక్క క్షణంలో నాకు మొత్తం కనిపించింది. ఈ కారు నెల తిరక్కుండా నా షెడ్డుకి వస్తుంది. మా బావ తెల్ల చొక్కాతో నా గుమ్మంలో నిలబడి, "ఏమైందో కాస్త చూడవోయ్" అని బతిమాలుతాడు. అది తలుచుకుంటే కడుపు చల్లబడింది. అక్క గదులు కూడా గుర్తొచ్చాయి. రాలేదంటే అబద్ధం. నేనే బాగుచేసి ఇచ్చేస్తానులే, గదులెక్కడికి పోతాయి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మేమింకా అక్కడ ఉండగానే అక్క ఫోను చేసింది. "చూశావా? ఎలా ఉంది?"

"చాలా అందంగా ఉందక్కా."

"అందం సంగతి కాదురా. తీసుకోవచ్చా?"

బావ నా పక్కనే నిలబడి, కారు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు.

"తీసుకోవచ్చు" అన్నాను.

"నీ మాట మీదే సంతకం పెడుతున్నాను" అంది. ఆ సాయంత్రమే పెట్టేసింది.

బావ పదిహేడు రోజులు రాజాలా తిరిగాడు. ఆఫీసు ముందు ఆ పన్నెండేళ్ళు చిన్నవాడి మామూలు కారు పక్కనే తెచ్చి పెట్టేవాడట. పద్దెనిమిదో రోజు సిగ్నల్ దగ్గర, పచ్చ లైటు పడగానే లోపల ఇనుము నలిగిన చప్పుడై కారు ఆగిపోయింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే మా బావ దిగి నిలబడ్డాడట. అక్కడ లేకపోయానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

లారీ మీద ఎక్కించుకొచ్చారు. ఇంజను దించి విప్పాను. ఎండిన బెల్టు పళ్ళు రాలిపోయి, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని, ముప్పై రెండిట్లో ఇరవై ఒంగిపోయాయి. వారం వారం బావని షెడ్డుకి రప్పించాను. ఫోనులో చెప్పేసే మాటకి కూడా, "మీరొచ్చి కళ్ళారా చూడాలి బావా" అనేవాణ్ణి. స్టూలు మీద పేపరు పరిచి, "కూర్చోండి, తెల్ల ప్యాంటు పాడవుతుంది" అనేవాణ్ణి. పదకొండేళ్ళ తర్వాత నా వంతు వచ్చింది. ఆయన కూర్చున్నాడు కూడా. కానీ ఒక్కసారీ మొహం మాడ్చుకోలేదు. ఆ పేపరు ఎందుకు వేశానో ఆయనకి గుర్తే లేదు. "థాంక్సోయ్" అన్నాడు!

అంతటితో ఆగలేదు. విడిభాగాలు వేరే దేశం నుంచి రావాలి, ఏడాది పట్టినా పట్టొచ్చు అని చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాటి నుంచి ఆఫీసులో, "నా కారు పార్టులు ఈ దేశంలో దొరకవు, విమానంలో రావాలి" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. తాళంచెవి బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టుకుంటున్నాడట. రాత్రి హాయిగా నిద్రపోతున్నాడట. కారు నడవకపోయినా మా బావకి లోటేం లేదు. ఉంటే చాలు. నేను పళ్ళు నూరుకుంటూ ఆ ఇంజను ముందు కూర్చునేవాణ్ణి.

లోటంతా అక్కకే. విరిగిన ఇంజనుతో ఉన్న ఆ కారుని తుక్కు ధరకి తప్ప ఎవడూ అడగడు. బాగుచేసినా, ఇంజను ఒకసారి పగిలిందని తెలిస్తే సగం ధర కూడా రాదు. ఈ లైనులో అలాంటి సంగతి దాగదు. ఇక డబ్బు రాదని తెలిశాక గదులు కొన్నవాడు రెండేళ్ళు ఎందుకు ఆగుతాడు? మధ్య గోడ కొట్టేసి ఫోన్ల దుకాణం పెట్టేశాడు. అక్క నాలుగు మిషన్లు అమ్మేసి రెండు పడగ్గదిలో వేసుకుంది. ముగ్గురు ఆడవాళ్ళలో ఇద్దరు వేరే చోటికి వెళ్ళిపోయారు. రెండు స్కూళ్ళవాళ్ళు, "ఇంట్లో కుడితే టైముకి ఇవ్వగలరా?" అని యూనిఫారాలు ఇంకొకళ్ళకి ఇచ్చేశారు. ఇదంతా నాకు తెలుస్తూనే ఉంది. అక్క ఫోను చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసేవాణ్ణి.

ఒకరోజు బావకి ఒక ఆలోచన వచ్చింది. "ఎలాగూ సీట్లు బయటికి తీశావు కదా. కుట్లు అక్కడక్కడ వదులయ్యాయి. మీ అక్క ఖాళీగానే ఉంటోంది, ఆవిడచేత కుట్టించు."

అక్క సూదులు, మైనపు దారం సంచిలో వేసుకుని వచ్చింది. నేను ఇంజను మీదికి వంగి ఉన్నాను. వెలుతురు బాగుండేలా గుమ్మం దగ్గర సీటు పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి చప్పుడేం వినిపించక తలెత్తి చూశాను. కుట్టు లోంచి దారం ఒకటి చిటికెన వేలితో లాగి చూస్తోంది. ఊరికే ముట్టుకుంటేనే పుటుక్కుమంది. ఇంకో చోట లాగింది. అదీ అంతే.

"ఇలా రారా" అంది.

వెళ్ళాను.

"కూర్చుని లేచే సీటైతే అంచు అరగాలి. అంచు కొత్తగా ఉంది, దారం మాత్రం చచ్చిపోయింది. ఏళ్ళ తరబడి ఎక్కడో వేడిలో పడేసి ఉంచారు దీన్ని. అవునా?"

"ఊఁ."

"నాకు కారంటే ఏంటో తెలీదు. దారం పట్టుకున్నాను, ఒక్క నిమిషంలో తెలిసిపోయింది." నా మొహంలోకి చూసింది. "నువ్వు ఇంజను మీద చెయ్యి పెట్టే ఉంటావుగా."

"పెట్టాను."

"వెచ్చగా ఉందా?"

అబద్ధం ఆడొచ్చు. ఆడితే నమ్మేది కూడా, చిన్నప్పట్నుంచీ నమ్ముతూనే ఉంది. కానీ ఆ మొహం చూస్తూ రెండోసారి నా వల్ల కాలేదు.

"వెచ్చగానే ఉందక్కా. నాకు అప్పుడే తెలుసు."

"ఎందుకురా?"

చెప్పాను. కుర్చీ, పేపరు, నలుగురి నవ్వు, చేతిరుమాలు, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే అవన్నీ ఎంత చిన్నగా వినిపించాయో! అక్క తిట్టలేదు, ఏడవలేదు. నాలుగు తగిలిస్తే బాగుండునని నేనే మనసులో మొక్కుకున్నాను.

"ఆయన మీద కోపానికి నా గదులు దొరికాయన్నమాట" అంది చివరికి. సూదిలో దారం ఎక్కించి ఆ సీటు మొత్తం కుట్టింది. ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. కుట్టడం అయ్యాక సంచి సర్దుకుంటూ, "మీ బావకి చెప్పకు. ఆయన్ని మళ్ళీ రాత్రుళ్ళు లేపి కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు" అంది. ఆ తర్వాత షెడ్డంతా ఒకసారి కలయజూసి, గుమ్మం పక్కన వెలుతురు పడే మూల చూపించింది. "అక్కడున్న సామాను తీసెయ్. సోమవారం నా మిషన్లు వస్తాయి. సీట్లు, కవర్లు కుడతాను. అద్దె అడుగుతావా?"

"అక్కా, అదేం మాట!"

"అయితే తీసెయ్."

మూల ఖాళీ చేశాను. సోమవారం రెండు మిషన్లు వచ్చాయి, మిగిలిన ఆ ఒక్క ఆడమనిషీ వచ్చింది. నెల తిరిగేసరికి సీట్ల పని బాగా అందుకుంది. అక్క నాతో మామూలుగానే మాట్లాడుతుంది. తిన్నావా అంటుంది, జ్వరం తగ్గిందా అంటుంది. క్షమించేసిందనే అనుకున్నాను. మా అక్క కదా, ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటుంది అని ధైర్యం కూడా తెచ్చుకున్నాను.

మొన్న ఒక లెక్చరరు వచ్చాడు. పదేళ్ళు కూడబెట్టి పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనబోతున్నాడు. నేను పొద్దున్నే వెళ్ళి, చల్లారిన ఇంజను మీద చెయ్యి పెట్టి, స్టార్ట్ చేసి, కింద దూరి, బెల్టు బిల్లుతో సహా అన్నీ చూసి వచ్చాను. నిజంగా మంచి బండి. "కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాను.

అతను సంబరంగా చెయ్యి చాపాడు. ఇంతలో మిషను ఆగింది.

"బాబూ, ఇంకో చోట కూడా చూపించుకోండి" అంది అక్క, తల ఎత్తకుండానే.

లెక్చరరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "చల్లింజను మాటకి తిరుగులేదన్నారే అందరూ! మీరెవరండీ?"

"వాడి అక్కని. పెంచినదాన్ని. అందుకే చెబుతున్నాను." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఇంటి గొడవ అనుకుని అతను నవ్వేసేవాడు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అతను నా వైపు తిరిగాడు. నేను కాదనాలని చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ పేరు నాది, ఒక్క మాట అంటే నిలబడుతుంది. అక్క వీపు నాకు కనిపిస్తూనే ఉంది, పాదం ఆడుతూనే ఉంది. రేపు ఇంకొకడు వస్తాడు, వాడికీ ఇలాగే చెబుతుంది. ఎల్లుండి వచ్చేవాడికీ చెబుతుంది. ఆ మూల నేనే ఖాళీ చేసి ఇచ్చాను.

"నిజమేనండీ" అన్నాను. "ఇంకో చోట కూడా చూపించుకోండి."